జీడిగింజతో పెట్టిన బొట్టు

పోయిన నెల మా మనవరాలి బడివాళ్ళు చిన్నపిల్లలందరినీ ఒక పూట అడవికి తీసుకుపోయారు. అడవి అంటే మరీ అడవి కాదు. చిల్పూర్ గుట్టకు కొంచెం ఇవతల, చెట్లు కాస్త ఒత్తుగా ఉండే చోటు. ప్రతి పిల్లకూ ఇంటి నుంచి పెద్దవాళ్ళు తోడు రావాలని కబురు పెడితే, మా అమ్మాయి ఫోన్ చేసి "నువ్వు గూడ రావాలెనమ్మా, అడివి అంటే నీ ఇల్లే గద" అంది. ఆ మాటకు పొంగిపోయి, మోకాళ్ళ సంగతి మరిచిపోయి, మహబూబాబాద్‌లో రైలెక్కి జనగామలో దిగాను. పొంగిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆ జబ్బు కథే.

అక్కడ టీచరమ్మ, పాతికేళ్ళు కూడా ఉండవేమో, ఎంత ఓపికగా ఆడించిందో. చెట్టు బెరడు మీద కాగితం ఆనించి రంగుపెన్సిలుతో రుద్దమంటే బెరడు మీది గీతలన్నీ కాగితం మీదికి దిగాయి. కళ్ళు మూసుకుని, వినిపించిన ఒక్కో చప్పుడికి ఒక్కో వేలు మడవమంది. ఎండుకొమ్మలు ఒకదానికొకటి చేర్చి పిల్లలు దూరేంత గుడిసె కట్టించింది. మా సాన్వి తల మీద టోపీ, మెడలో బడి కార్డు, వీపున నీళ్ళసీసా, చేతులకు దోమల మందు, ఇన్ని హంగులతో సరిహద్దుకు పోయే సిపాయిలా వచ్చి, ఆ గుడిసెలో దూరి ఇక బయటికి రానంది. తరవాత తలా ఐదు రకాల ఆకులు ఏరుకు రమ్మన్నారు. సాన్వి ఒకే కాడకు మూడాకులున్న రెమ్మ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, "అమ్మమ్మా, ఇదేం చెట్టు?" అని అడిగింది. నేను ఆ రెమ్మను అటు తిప్పాను, ఇటు తిప్పాను, ఊరుకున్నాను.

పక్కనున్న మా అమ్మాయి నవ్వింది. "ఏందమ్మా గిది? అడివిల పెరిగిన, అడివిల పెరిగిన అని మా చెవులు కొరికి సంపినవ్. మోదుగాకు తెల్వదా?"

"తెలుసు."

"మరి చెప్పకపోతివి?"

"నాకు తెలుసు అనిపించినప్పుడే భయమైతదమ్మా" అన్నాను. నేను ఏదో తత్వం చెబుతున్నాననుకుని మా అమ్మాయి సాన్విని తీసుకుని ముందుకు పోయింది. తత్వం కాదు. అడవిలో పెరిగానని నలభై ఏళ్ళుగా నా పిల్లలకు చెబుతూ వచ్చింది అబద్ధమని, నేను అడవికి పోయింది ఒకే ఒక్క చలికాలమని, అందులోనూ నా వల్ల ఒక నాలుగేళ్ళ పిల్ల కన్ను మూతపడిందని ఆ చెట్ల మధ్య నిలబడి చెప్పడానికి నోరు రాలేదు. రాయడమైతే కూర్చుని రాయవచ్చు, ఎదుటివాళ్ళ ముఖం చూడనక్కరలేదు.

భూపాలపల్లి దారిలో, అప్పటికి కంకర కూడా పడని ఒక ఊళ్ళో మా బాపు దుకాణం ఉండేది. ముందు గదిలో ఉప్పు, పప్పు, కిరసనాయిలు; వెనక పెద్ద కొట్టంలో అడవి సరుకు. తండాల వాళ్ళు తెచ్చి ఇచ్చే మోదుగాకు కట్టలు, ఇప్పపువ్వు, కుంకుళ్ళు, కరక్కాయలు, జీడిగింజలు (తినే జీడిపప్పువి కాదు, నల్లజీడివి), అన్నీ బస్తాల్లో నింపి వరుసగా పెట్టేవారు. ఇప్పపువ్వు వాసన ఎంత తియ్యగా, ఎంత మత్తుగా ఉంటుందంటే, ఎండాకాలం మధ్యాహ్నం ఆ కొట్టంలోకి వెళ్ళిన పిల్లి బయటికి వచ్చేటప్పుడు గోడ పట్టుకుని నడిచినట్టు ఉండేది. మా బట్టలకు, నీళ్ళకుండకు, ఆఖరికి దేవుడి దగ్గరి పటికబెల్లానికి కూడా ఆ వాసనే.

బడి వాగుకు అవతల ఉండేది. మా నాయినమ్మ, అంటే బాపు తల్లి, "వాగు దాటి పొయ్యే సదువు ఆడపిల్లకెందుకు, అక్షరాలు నేను చెప్పనా?" అని నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టింది. తెల్లవారుజామునే తలస్నానం చేసి, తడి జుట్టు కొసన ముడేసుకుని, దీపం పెట్టి, అప్పుడు చాటలో తవుడు పరిచి నా ముందు పెట్టేది. ఆ తవుట్లో వేలితో దిద్దాలి. పాఠం అయిపోగానే ఆ తవుడు ఆవుకు పోసేది. అ నుంచి ఱ వరకూ నేను దిద్దిన అక్షరాలన్నీ ఆ ఆవే తిన్నది కనుక మా ఇంట్లో బాగా చదువుకున్నది అదేనని బాపు అనేవాడు. కానీ నేను నిజంగానే తొందరగా నేర్చాను. దేవుడి దగ్గర స్తోత్రాలు చదవగలిగాక, చదవడానికి ఇంకేమీ లేక కొట్టంలోకి పోయి బస్తాల మెడలకు బాపు కట్టిన చీటీలు చదివేదాన్ని. కుంకుళ్ళు. కరక్కాయ. తానికాయ. జీడిగింజ. అవే నా వాచకం. ఆ చీటీలన్నీ కంఠతా వచ్చేసరికి అడవి అంతా నాకు వచ్చేసిందని తొమ్మిదేళ్ళకే ఒక నిశ్చయానికి వచ్చాను.

తండా నుంచి మోదుగాకు తెచ్చే సక్రమ్మ వెంట ఆమె పెద్ద కూతురు కమ్లి వచ్చేది. నా ఈడుదే. వాళ్ళమ్మ తల మీది కట్టలు దించి, మంచినీళ్ళు తాగి, నాయినమ్మతో నాలుగు మాటలు మాట్లాడే లోపల మేమిద్దరం చూరు కింద కూర్చుని విస్తరి కుట్టేవాళ్ళం. నేను ఒకటి కుట్టేలోపు కమ్లి నాలుగు కుట్టేది. ఆడవాళ్ళు ఆకు కోస్తుంటే తండా చిన్నపిల్లలను కమ్లి ఆడిస్తుందని, అడవిలో పరికిపండ్లున్నాయని, కొమ్మ మీద కూర్చుని ఊగితే వాగు కనబడుతుందని ఆమె చెబుతుంటే నాకు అన్నం సహించలేదు. నన్నూ పంపమని నాయినమ్మ వెంటపడ్డాను. ఎనిమిది రోజులు ఏడ్చాక ఒప్పుకుంది.

"సక్రమ్మ కండ్ల ముంగట్నే ఉండాలె. దేవునికి పెట్టనిది ఏదీ నోట్లె పెట్టద్దు. ఒక్క మాట వచ్చిందనుకో, గంతే. మళ్ళ ఈ గడప దాటుడు ఉండదు. తెలిసిందా?"

తెలిసింది. ఆ గడప నాకు ఎంత ఎత్తో అప్పుడు తెలిసింది.

మొదటిరోజే పరువు పోయింది. ఒక పెద్ద చెట్టు కింద నిలబడి "ఇదేం చెట్టు?" అన్నాను. కమ్లి నడుస్తున్నదల్లా ఆగింది. "ఇప్పచెట్టు. మీ ఇంట్ల బస్తాలకు బస్తాలు ఉంటది గద." నేను తల పైకెత్తి చూస్తే ఆకులే ఉన్నాయి. "మరి పువ్వేది?" అన్నాను. ఇప్పపువ్వు ఎండి, గోధుమరంగుకు తిరిగి, ఏడాది పొడుగునా కొమ్మలకు వేలాడుతుందనీ, బాపు మనుషులు దాన్ని బస్తాలోకి దులుపుకోవడమే తరువాయి అనీ నేననుకున్నాను. కమ్లి నవ్వీ నవ్వీ కింద కూర్చుంది. దాని వెనకున్న చిన్నపిల్లలు ముగ్గురూ, ఎందుకో తెలియకపోయినా, వాళ్ళూ కూర్చుని నవ్వారు. ఆ ముగ్గురిలో అందరికంటే చిన్నది కమ్లి చెల్లెలు బుజ్జి. నాలుగేళ్ళు. అది అందరికంటే ఎక్కువసేపు నవ్వింది.

ఆ చలికాలం ఆడిన ఆటలు చెబితే సాన్వి నమ్మదు. చీమల బారు ఎక్కడికి పోతుందో చూద్దామని బారు పక్కనే మోకాళ్ళ మీద పాకుతూ పోయేవాళ్ళం. వాగు ఇసుకలో చేతులతో చెలమ తోడి, నీళ్ళు తేటపడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. మొదట ఎవరి ముఖం కనిపిస్తే వాళ్ళు గెలిచినట్టు. మోదుగాకులను పుల్లలతో కుట్టి టోపీలు చేసుకునేవాళ్ళం. నరికిన టేకు మొదలు నుంచి లేచిన లేత చిగురు అరచేతిలో నలిపితే గోరింటాకులా ఎర్రగా పండేది. వీటన్నిటిలో నేను కడపటిదాన్నే. చెట్టెక్కడం రాదు, వాగు దాటడం రాదు, ఆకుతో పీక ఊదితే నాకు ఉమ్మే వచ్చేది. నాకు వచ్చిన విద్య ఒకటే, దేవుడికి నైవేద్యం పెట్టడం. పరికిపండ్లు దొరకగానే "ఆగున్రి, దేవునికి పెట్టాలె" అని అందరివీ ఒక ఆకులో పోయించి, ఒక రాయి ముందు పెట్టి, కళ్ళు మూసుకుని నాకు వచ్చిన స్తోత్రాలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివేదాన్ని. కళ్ళు తెరిచేసరికి ఆకులో రెండో మూడో పండ్లుండేవి. "దేవుడు తిన్నడు" అనేది బుజ్జి, నోటి చుట్టూ నల్లగా పెట్టుకుని.

కానీ పిల్లలకు ఆ ఆట నచ్చింది. రోజూ రాయికి పూలు తెచ్చేవారు. నేను టేకు చిగురు నలిపి రాయికీ వాళ్ళ నొసళ్ళకూ బొట్లు పెట్టేదాన్ని. చెట్టెక్కలేని నేను పూజారినయ్యాను; కమ్లి కూడా నా ఎదుట చేతులు కట్టుకుని నిలబడేది. పొంగిపోయాను. ఇక్కడే ఆగి ఉంటే ఈ కథ లేదు. వచ్చిన చిక్కల్లా, ఆ టేకు బొట్టు వాగులో ముఖం కడుక్కోగానే పోయేది. భక్తులు సాయంత్రానికల్లా మామూలు మనుషులు అయిపోవడం పూజారికి నచ్చలేదు.

ఒకరోజు కొత్త దారిన పోతుంటే, నారింజరంగు కండ కింద నల్లటి గింజ వేలాడుతున్న పండ్లు కనిపించాయి. ఆ గింజను చూడగానే నా గుండె గంతులేసింది. జీడిగింజ. అడవిలో నా అంతట నేను గుర్తుపట్టిన మొట్టమొదటి వస్తువు. దాని చరిత్ర మొత్తం నాకు తెలుసు: దిష్టి తగలకుండా నాయినమ్మ దాన్ని దారానికి గుచ్చి గుమ్మానికి కట్టేది, మా బట్టలుతికే మల్లయ్య దానికి సూది గుచ్చి, ఆ రసంతో ఎవరి బట్టకు వాళ్ళ గుర్తు పెట్టేవాడు. చవుడులో ఉడకబెట్టినా, బండకేసి బాదినా ఆ గుర్తు పోయేది కాదు. దిష్టికి మంచిది, పైగా చెరిగిపోదు. ఇంతకంటే బొట్టుకు ఏం కావాలి?

"గది ముట్టకు" అంది కమ్లి. "పచ్చిది కాల్తది. మా యాడి చెప్పింది." యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ.

"మా కొట్టంల బస్తెడున్నయ్. నేను దినాం ముట్టుకుంట. నాకేం కాలలే."

"గవి ఎండినయ్. ఇది పచ్చిది."

"నీకు చదువస్తదా? బస్తా మీద ఏం రాసుందో చదువస్తదా?"

ఈ మాట ఇన్నేళ్ళ తరవాత రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. కమ్లి పక్కకు జరిగి "నాకద్దు" అంది. నేను ముల్లు విరిచి, మల్లయ్య సూది గుచ్చినట్టే గుచ్చి, రాయికి పెట్టి, నా నొసట పెట్టుకుని, వరుసగా నిలబడ్డ ముగ్గురు చిన్నపిల్లలకూ పెట్టాను. బుజ్జి ఇంకొకటి కావాలంది. రెండు కనుబొమల మీదా రెండు పెట్టాను. దానం చేయడంలో నాది ఎప్పుడూ పెద్ద చెయ్యే.

ఆ సాయంత్రం ఏమీ కాలేదు. మర్నాడు నొసలు దురద. మూడోనాటికి బొట్టు పెట్టిన చోట నీటిపొక్కులు లేచి, నుదురంతా ఉబ్బి, నేను అద్దంలో ఎవరో వేరే మనిషిని చూశాను. "ఏమైందే?" అంటే "చెట్టు కింద కూసుంటే ఏదో పడ్డది" అన్నాను. నాయినమ్మ నమ్మింది. నమ్మడమే కాదు, వెన్న రాసి, పడుకోబెట్టి, విసనకర్రతో విసిరింది. ఆ గాలి నాకు ఒక్క క్షణం కూడా చల్లగా తగల్లేదు.

ఆ పొద్దున్నే సక్రమ్మ వచ్చింది. తల మీద ఆకు కట్టలు లేవు. కమ్లి వాకిట్లోకి రాకుండా తడిక దగ్గరే నిలబడింది. నేను కొట్టంలో బస్తాల వెనక నక్కి విన్నాను.

"జర నువ్వులియ్యండి అవ్వా. నూరి పెట్టాలె. బుజ్జి కన్ను మూస్కపోయింది. తెరుస్తలేదు."

"ఏమైంది?"

"జీడి అంటింది. పిల్లలు గద, ఏదో ముట్టుకున్నరు."

నాయినమ్మ తడిక వైపు చూసింది. తరవాత, "మా పిల్ల నొసలు గూడ గట్లనే పొంగింది. నీ పెద్దబిడ్డ మొకం మీద చూడు, ఒక్క పొక్కు లేదు. తను పెట్టుకోకుంట అందరికి పెట్టిందన్నట్టు. అడివిల పుట్టిన పిల్లకు జీడి సంగతి తెల్వదా?" అంది.

సక్రమ్మ కొట్టం వైపు చూసింది. చీకట్లో నేను ఆమెకు కనిపించానో లేదో తెలియదు. కనిపించాననే ఇప్పటికీ నా నమ్మకం. ఆమెకు అంతా తెలుసు. పిల్లలు చెప్పే ఉంటారు. అయినా నోరు మెదపలేదు. ఆకు కొనే ఇంటి పిల్ల పేరు ఆ వాకిట్లో ఎట్లా తీస్తుంది? కమ్లి తడిక పుల్లలు గోటితో గిల్లుతూ నిలబడింది. నేను బస్తాను పట్టుకుని దేవుణ్ణి ప్రార్థించాను, నిజం ఎట్లాగైనా బయటపడేటట్టు చూడు స్వామీ అని. ఇన్ని రోజులు ఇన్ని పరికిపండ్లు పెట్టాను కదా, ఆమాత్రం ఆయనే చెబుతాడులే అని ఎదురుచూశాను. ఆయన ఏమీ చెప్పలేదు.

"రేపటి సంది ఆ పిల్లను నా వాకిట్లకు తేకు" అంది నాయినమ్మ.

"సరే అవ్వా" అంది సక్రమ్మ.

ఆ 'సరే' నన్ను బయటికి లాగింది. ధైర్యం కాదు, ఇంకొక్క నిమిషం ఆ బస్తాల వెనక ఉంటే ఊపిరాడదనిపించింది. ఉబ్బిన ముఖంతో, ఒక కన్ను సగం మూసుకుని, ఒళ్ళంతా బస్తాల దుమ్ముతో వచ్చి నిలబడ్డాను.

"నేను పెట్టిన."

"ఏంది పెట్టింది?"

"జీడి. కమ్లి వద్దన్నది. నేనే ముల్లు గుచ్చి అందరికి బొట్టు పెట్టిన."

"అది జీడి అని నీకు ఎవరు చెప్పిన్రు?"

"బస్తా మీద రాసుంది గద."

నాయినమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "రాసినోడు బొట్టు పెట్టుకోమని రాసిండా?" అంది.

అంతే. కొట్టలేదు, తిట్టలేదు. లోపలికి పోయి శేరెడు నువ్వులు తెచ్చి తానే రోట్లో పోసి నూరింది. మధ్యలో సక్రమ్మ వైపు చూడకుండానే "ఇంకేం కలపాలె?" అని అడిగింది. సక్రమ్మ "వెన్న కలపండి అవ్వా" అంది. ఏ మందు గురించీ మా నాయినమ్మ ఇంకొకరిని అడగడం అంతకుముందు నేను చూడలేదు. నూరింది గిన్నెలో తీసుకుని, కొంగు తల మీదికి లాక్కుని, "నడువు" అంది నాతో. నా చదువు కోసం దాటనియ్యని వాగును ఆమె ఆ రోజు నా చెయ్యి పట్టుకుని దాటింది.

తండాలో బుజ్జి నులకమంచం మీద పడుకుని ఉంది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, రెప్ప నేరేడుపండులా ఉంది. నాయినమ్మ మంచం పట్టె మీద కూర్చుని, ఒక్క వేలితో, దేవుడి పటానికి గంధం అద్దినంత మెల్లగా ఆ ముద్ద రాసింది. కమ్లి దగ్గరికి పోయి, దాని తల మీద చెయ్యి పెట్టి, "తప్పన్ననే బిడ్డా" అంది. నేను గుంజ పక్కన నిలబడ్డాను. నాతో ఎవరూ మాట్లాడలేదు.

నాలుగు రోజులు వరుసగా పోయాము. మిగిలిన ఇద్దరికీ పొక్కులు ఆరాయి, నాకూ ఆరాయి. బుజ్జి కన్ను మాత్రం తెరుచుకోలేదు. రోజూ పొద్దున ఇంకొక దీపం ఎక్కువ పెట్టి నేను దేవుడితో బేరమాడాను. బుజ్జికి చూపు ఇవ్వు, నా చదువు తీసుకో అన్నాను. తవుట్లో దిద్దిన చదువుతో ఆయనకేం పనో అప్పుడు ఆలోచించలేదు. ఐదో రోజున నాయినమ్మ తడిగుడ్డతో తుడుస్తుంటే రెప్ప కొంచెం విడింది. సన్నటి నల్లని గీత కనిపించింది. ఆ గీత అటు కదిలి ఇటు కదిలి నా మీద ఆగింది. నన్ను చూసి బుజ్జి వెంటనే కన్ను గట్టిగా మూసుకుంది. మూసుకోగలిగిందంటే చూసిందన్నమాటే కదా. సక్రమ్మ నవ్వింది. నాయినమ్మ చేతులు జోడించింది. నేను గుంజకు ఆనుకుని కిందికి జారి ఏడ్చాను. సక్రమ్మ దయ, ఆ పిల్ల అదృష్టం, నా ప్రజ్ఞ ఏమీ లేదు అందులో.

ఇప్పుడైతే ఇట్లాంటిది జరిగితే ఎన్ని ఫోన్లు, ఎంత పరేషాన్. ఆ బడి పిల్లలు మళ్ళీ చెట్టు నీడకు కూడా పోరు. తప్పు పట్టను. దవాఖాన అంత దగ్గరగా ఉండడం ఎంత భాగ్యమో, నులకమంచం పక్కన నిలబడ్డదాన్ని, నాకు తెలుసు. సాన్వి చేతికి రాసిన దోమల మందుకు కూడా దండం పెడతాను. ఆ దారిలో ఇప్పుడు బొగ్గు లారీలు పోతుంటాయి. మా కొట్టం లేదు, ఇప్పచెట్టు లేదు. బాపు మానుకోటకు, అదే మహబూబాబాద్‌కు, దుకాణం మార్చాక కమ్లి ఏ ఊరికి కోడలై పోయిందో తెలుసుకోలేకపోయాను. ఎక్కడున్నా చల్లగా ఉండాలని రోజూ అనుకుంటాను. కాకపోతే ఒక్కటి అనిపిస్తుంది. ఆనాడు పెద్దవాళ్ళు మా తప్పును కడిగారు గానీ, దానికి భయపడి అడవిని మాకు మూసెయ్యలేదు. నా మీద మాట వచ్చాక నాయినమ్మ గడప దాటనియ్యదనే అనుకున్నాను. ఆమె ఆ సంగతి కమ్లికి వదిలేసింది. "అది పిలిస్తే పో, పిలవకపోతే లేదు" అంది.

పది రోజులు కమ్లి పిలవలేదు. వాకిట్లోకి వచ్చేది, చూరు కింద కూర్చుని నాలుగు విస్తర్లు కుట్టేది, నా వైపు చూడకుండా పోయేది. పదకొండో రోజు కుట్టు ఆపకుండానే, "రేపు పొద్దుగాల రా. కానీ నువ్వు అందరి ఎనక నడువాలె. ఏం ముట్టద్దు. ముట్టాలంటే బుజ్జినడుగు" అంది.

పోయాను. అందరి వెనక నడిచాను. నా ముందు బుజ్జి, నొసట ఇంకా మానని నల్లమచ్చలతో, నాకు పెద్దదిక్కుగా నా చూపుడువేలు పట్టుకుని నడిచింది. దారిపక్కన ఎర్రటి చిన్న పండ్ల గుత్తి ఒకటి కనిపించింది. చెయ్యి చాచబోయి ఆపుకున్నాను.

"బుజ్జీ, ఇది ముట్టొచ్చానే?"

బుజ్జి ఆగింది. ఆ గుత్తిని ఒక కన్ను మూసి చూసింది, ఇంకో కన్ను మూసి చూసింది. చాలాసేపు ఆలోచించింది. ఆ తరవాత, చదువు రాని ఆ నాలుగేళ్ళ పిల్ల, నా వేలు వదలకుండానే, ముందుకు తిరిగి గట్టిగా కేకేసింది.

"అక్కా, నాకు తెల్వది. జర నువ్వు వచ్చి చూడు."